‘మంచు’ అన్న ఒక్క మాట కింద ఎన్ని ప్రమాదాలు? చలికాలపు గుట్ట నడకలపై చర్చ

ఓరుగల్లు బాటసారి (హన్మకొండ)
డిసెంబరు 9, రాత్రి 9:20

సభ్యులందరికీ నమస్కారం. కార్తీకం దాటి మార్గశిరం వచ్చేసరికి మన వేదికలో గుట్టల కబుర్లు ఎక్కువవుతాయి. పాండవుల గుట్ట, రామగిరి ఖిల్లా, మొలంగూరు, దేవునిగుట్ట మొదలుకొని ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కాంత దాకా ఈ రెండు నెలల్లో ప్రయాణం కట్టేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. వడదెబ్బ గురించి మనకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. ఎండాకాలం వస్తే తలకు రుమాలు చుట్టుకోవాలని చిన్నపిల్లలకు కూడా తెలుసు. చలి విషయంలో మనకు అంతటి తెలివిడి లేదని నాకు ఒక చేదు అనుభవం వల్ల తెలిసింది.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ మరునాడు మేము ఆరుగురం ములుగు వైపు ఒక గుట్ట ఎక్కాము. వాన వెలిసిందనుకొని బయలుదేరాము గానీ, పైకి చేరేసరికి సన్నటి తుంపర, దానికి తోడు ఎదురుగాలి మొదలైంది. మాలో ఒక మిత్రుడు జీన్స్ ప్యాంటు, నూలు బనియను, దాని మీద నూలు చొక్కా వేసుకొని వచ్చాడు. గంటన్నర గడిచాక అతడు మాట్లాడటం మానేశాడు. పలకరిస్తే “మంచిగనే ఉన్న” అని ముక్తసరిగా అనేసరికి ఏదో మాటకు అలిగాడనుకున్నాను. షూ లేసు ఊడితే వంగి కట్టుకోబోయాడు. లేసు వేళ్ల సందు నుంచి జారిపోతూనే ఉంది. మూడుసార్లు ప్రయత్నించి, చివరికి ఆ లేసును తొక్కుకుంటూనే నడవసాగాడు. నేను పక్కనే నిలబడి చూశాను, అయినా నాకు ఏమీ అర్థం కాలేదు. కింద గొర్లమంద దగ్గర ఉన్న ఒక పెద్దమనిషి అతడి ముఖం చూడగానే తడిబట్టలు విప్పించి, తన గొంగడి చుట్టి, కొట్టంలో పొడిగడ్డి మీద కూర్చోబెట్టాడు. ఆ సమయంలో నా ఫోను 19 డిగ్రీలు చూపిస్తున్నది.

అప్పటి నుంచి నాకు ఒక ఆలోచన పట్టుకుంది. తెల్లవారుజామున గడ్డి మీద మెరిసేది మంచే, దారి కనపడకుండా కమ్మేసేది మంచే, హిమాలయాల్లో మోకాలి లోతు దిగబడేది మంచే, దాని అడుగున గాజుపలకలా గడ్డకట్టి కాలు జారేలా చేసేది కూడా మంచే. ఇన్నింటికీ మనకు ఒకటే మాట ఉన్నందువల్ల వీటిలో ఒక్కొక్కటి ఒక్కో తీరుగా మనిషిని దెబ్బ తీస్తుందన్న ఎరుక మనకు కలగడం లేదేమోనని నా అనుమానం. అనుభవం ఉన్న సభ్యులు తమ తమ ప్రాంతాల నుంచి, తమ వృత్తుల నుంచి వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

హన్మకొండ వైద్యురాలు
డిసెంబరు 9, రాత్రి 11:05

బాటసారి గారూ, మీ మిత్రుడికి జరిగినదాన్ని మా వృత్తిలో హైపోథెర్మియా అంటాము. మన శరీరం లోపలి వేడి సుమారు 37 డిగ్రీలు ఉంటుంది. అది 35 కంటే కిందికి దిగితే ఈ స్థితి మొదలైనట్లు లెక్క. బయట గడ్డకట్టే చలి ఉంటేనే ఇది వస్తుందనుకోవడం పొరపాటు. నీరు గాలి కంటే ఇంచుమించు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. కాబట్టి తడిసిన నూలుబట్ట, దాని మీద గాలి, ఖాళీ కడుపు, అలసట అనే నాలుగూ కలిస్తే 15, 20 డిగ్రీల వాతావరణంలో కూడా మనిషి చల్లబడిపోతాడు.

దీనిలో అన్నింటికంటే ప్రమాదకరమైన విషయం ఏమిటంటే, వచ్చిన మనిషికి వచ్చినట్లు తెలియదు. మొదట గజగజ వణుకుతాడు, తరువాత మాట ముద్దగా వస్తుంది, వేళ్లు సూక్ష్మమైన పనులకు లొంగవు, కాళ్లు తడబడతాయి, చిరాకుగానో ముభావంగానో మారిపోతాడు. మీరు చూసిన లేసు సంగతి ఇదే. నడకలో ఎవరి మీదనైనా అనుమానం కలిగితే చొక్కా గుండీ పెట్టమనండి, లేదా బొటనవేలితో చిటికెన వేలిని తాకించమనండి. అవి చేయలేకపోతే “మంచిగనే ఉన్న” అన్న మాటను ఎంతమాత్రం నమ్మవద్దు. ఇంకా చల్లబడుతూ 32 డిగ్రీల దరిదాపుల్లోకి వచ్చేసరికి వణుకు ఆగిపోతుంది. వణుకు తగ్గింది కదా, కోలుకున్నాడు అని పక్కవాళ్లు ఊరట చెందేది సరిగ్గా అప్పుడే, ప్రాణం మీదికి వచ్చేది కూడా అప్పుడే.

ఆ గొర్లకాపరి చేసినవన్నీ సరైన పనులే. గాలి తగలని చోటికి చేర్చడం, తడిబట్టలు తీయడం, ఒంటికి ఉన్ని చుట్టడం, నేల చల్లదనం ఎక్కకుండా కింద గడ్డి వేయడం అన్నవి నేను చెప్పినా అదే వరుసలో చెప్పేదాన్ని. స్పృహ బాగా ఉండి మింగగలిగితే చక్కెర ఎక్కువ వేసిన వేడి చాయ్ ఇవ్వవచ్చు. కాళ్లు చేతులు గట్టిగా రుద్దకూడదు, మంట దగ్గరికి పూర్తిగా జరపకూడదు, మద్యం అసలే ఇవ్వకూడదు. మద్యం చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. పైకి వెచ్చగా అనిపిస్తుంది గానీ లోపల మిగిలిన వేడి బయటికి పోతుంది.

ఉట్నూరు మాస్టారు
డిసెంబరు 10, ఉదయం 6:40

ఇప్పుడు మా ఇంటి ముందున్న చింతచెట్టు కూడా కనపడటం లేదు, కాబట్టి పొగమంచుతోనే మొదలుపెడతాను.

మా వైపు చలికి ఒక ప్రత్యేకత ఉంది. ఎత్తుకు పోయేకొద్దీ చలి పెరుగుతుందని పుస్తకాల్లో చదువుకుంటాము, అది నిజమే. కానీ ఆకాశం నిర్మలంగా ఉండి గాలి లేని డిసెంబరు, జనవరి రాత్రుల్లో మా లోయల్లో దీనికి తలకిందులుగా జరుగుతుంది. నేల తన వేడినంతా ఆకాశంలోకి వదిలేస్తుంది. దాన్ని ఆనుకొని ఉన్న గాలి చల్లబడి, బరువెక్కి, వాలు వెంబడి నీళ్లలాగా కిందికి జారి వాగు ఒడ్డున, గిన్నె వంటి పల్లాల్లో మడుగు కడుతుంది. తిర్యాణి, గిన్నెధరి, సిర్పూర్-యు వంటి పేర్లు చలికాలంలో రోజూ పత్రికల్లో కనపడటానికి ఒక ముఖ్య కారణం ఇదే. అక్కడ 10 డిగ్రీల కంటే కిందికి దిగడం మామూలు సంగతి. కొన్ని రాత్రుల్లో 5, 6 డిగ్రీల దాకా కూడా పోతుంది.

నగరం నుంచి వచ్చే పిల్లలు నీటి సౌకర్యం చూసుకొని సరిగ్గా వాగు ఒడ్డునే గుడారం వేస్తారు. నిరుడు కెరమెరి వైపు వచ్చిన ఒక బృందాన్ని వాగు నుంచి లేపి, వాలు మీద కొంత పైన ఉన్న చదును మీదికి మార్పించాను. అంత కొద్ది ఎత్తులోనే తేడా వాళ్లకు ఒంటికి తెలిసింది. తెల్లవారి చూస్తే వాగు ఒడ్డున మరిచిపోయి వచ్చిన తువ్వాల పిండితే నీళ్లు కారేంతగా తడిసి ఉంది, పైన గుడారం పొడిగానే ఉంది.

ఇక గుట్ట కంటే గుట్టకు పోయే దారి ఎక్కువ ప్రమాదమని నేను నిస్సంకోచంగా చెప్పగలను. సూర్యోదయం పైనుంచి చూడాలని తెల్లవారుజామున నాలుగు గంటలకు మోటారు సైకిళ్ల మీద బయలుదేరతారు. కిలోమీటరు లోపు మాత్రమే కనపడితే దాన్ని వాతావరణ శాఖ పొగమంచుగా లెక్కిస్తుంది, 200 మీటర్ల లోపైతే దట్టమైనదిగా, 50 మీటర్ల లోపైతే అతి దట్టమైనదిగా లెక్కిస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి 50 మీటర్లను మూడు సెకన్లలో దాటుతుంది. ఆ మూడు సెకన్ల దూరంలో వెనుక దీపం లేని పత్తి ట్రాక్టరు ఉండవచ్చు, రోడ్డు మీద ఆరబోసి నల్లటి పరదా కప్పి చుట్టూ బండరాళ్లు పేర్చిన వడ్ల కుప్ప ఉండవచ్చు. వానాకాలపు కోతల తరువాత ఆ కుప్పలకు తగిలి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల వార్తలు మనకు కొత్త కాదు. కెరమెరి ఘాటు మలుపుల్లో హైబీమ్ వేస్తే వెలుగంతా పొగమంచుకు తగిలి తిరిగి మన కళ్లలోనే పడుతుంది, డిమ్ లైటుతో మెల్లగా పోవడమే దారి. నా మట్టుకు నేను ఎవరు అడిగినా ఎండ పొడిచాకే బయలుదేరమంటాను.

రామగిరి రాళ్లబాట (పెద్దపల్లి)
డిసెంబరు 10, మధ్యాహ్నం 1:15

మాస్టారూ, మీరు ఎండ పొడిచాక అన్నారు గనుక రాయి సంగతి కూడా కలుపుతాను.

మన వైపు గుట్టలన్నీ ఒకే రాయి కావు. మొలంగూరు, హన్మకొండ పద్మాక్షి గుట్ట వంటివి గ్రానైటు. పాండవుల గుట్ట ఇసుకరాయి. రాత్రంతా కురిసిన మంచుకు రెండూ తడుస్తాయి గానీ రెండింటి స్వభావం వేరు. గ్రానైటు మీద వాననాటి నాచు ఎండిపోయి నల్లటి చారలుగా మిగిలి ఉంటుంది. ఎండలో దాని మీద నిశ్చింతగా నడవవచ్చు. మంచు పడగానే అది మళ్లీ జిగురు పట్టి సబ్బు రాసినట్లవుతుంది. కోటమెట్లు వందల ఏళ్ల పాదాలకు నడుమ అరిగి నున్నబడి ఉంటాయి. అక్కడ మెట్టు నడిమికి కాకుండా గోడవైపు అంచుకు పాదం మోపితే పట్టు దొరుకుతుంది. పైకి ఎక్కడం కంటే దిగడంలోనే జారుతారు, అందుకని పొద్దున దిగవలసి వస్తే రాయి ఆరేదాకా, అంటే తొమ్మిది, తొమ్మిదిన్నర దాకా ఆగవలసిందే.

ఇసుకరాయిది ఇంకో ప్రమాదం. అది నీటిని లోపలికి పీల్చుకుంటుంది, తడిసినప్పుడు దాని బలం తగ్గుతుంది. పైకి ఆరినట్లు కనిపించినా, చేత పట్టుకున్న అంచు చెక్కలా ఊడి రావచ్చు. తుపాను వాన పడిన తరువాత రెండు మూడు రోజులు పాండవుల గుట్టలో రాయి పట్టుకొని ఎక్కే పని నేను పెట్టుకోను. అక్కడ ఆదిమానవుల కాలం నాటి రంగుల బొమ్మలు ఉన్నాయి, తడిరాతిని గీకుతూ పాకేవాళ్లు తమకు గాయం చేసుకోవడమే కాక ఆ గోడలకు కూడా గాయం చేస్తారు. ఇది అసలు విషయం కాకపోయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

చలిమంట గురించి ఒక మాట. కొండచరియలకు వేలాడే పెద్ద తేనెతుట్టెల కింద మంట వేయకూడదు, పొగ తగిలితే అవి గుంపుగా లేస్తాయి. అవి లేచినప్పుడు నిటారు రాతి మీద ఉన్న మనిషికి పరుగెత్తే చోటు కూడా ఉండదు. అట్లాగే చలికి తట్టుకోలేక రాత్రిపూట గుహల్లో తలదాచుకోవాలని చూడవద్దు. గుడ్డెలుగు పిల్లలను ఈనేది ఈ కాలంలోనే, ఈనేది ఆ గుహల్లోనే. పిల్లలున్న తల్లి మనిషిని చూసి పారిపోదు, మీదికి వస్తుంది.

మానేరు తీరం (కరీంనగర్)
డిసెంబరు 10, రాత్రి 8:30

అందరికీ నమస్కారం. నా పేరు మీద ఇది మొదటి ప్రశ్న. మేము ఐదుగురం స్నేహితులం ఈ నెల 26న, నడక మొదలయ్యే సాంక్రి ఊరు చేరి కేదార్‌కాంత ఎక్కాలని డబ్బు కట్టాము. మాలో ఎవరూ ఇంతవరకు హిమాలయాలు చూడలేదు. మమ్మల్ని తీసుకుపోయే సంస్థవాళ్లు ఇది మొదటిసారి వచ్చేవాళ్లకు అనువైన తేలిక దారి అని చెబుతున్నారు. పైన జరిగిన చర్చ చదివిన తరువాత మా సన్నద్ధత మీద నాకే అనుమానం కలిగింది. దయచేసి అనుభవమున్న పెద్దలు వివరించగలరా?

మంచిర్యాల మాజీ సైనికుడు
డిసెంబరు 11, ఉదయం 5:50

తమ్ముడూ, అనుమానం కలిగినందుకు సంతోషం. నా ఉద్యోగంలో మూడు చలికాలాలు లడఖ్‌లో గడిచాయి, అక్కడ నేర్చుకున్నది రాస్తాను.

ముందుగా ఒక లెక్క. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. హన్మకొండ సముద్రమట్టానికి సుమారు 270 మీటర్ల ఎత్తున ఉంది, కేదార్‌కాంత శిఖరం సుమారు 3,800 మీటర్లు. ఎత్తు ఒక్కదాని వల్లనే దాదాపు 23 డిగ్రీలు తగ్గాలి, ఇక ఉత్తరాదికి పోయినందుకు తగ్గేది వేరు. దాని మీద గాలిని లెక్కవేయి. థర్మామీటరు సున్నా చూపిస్తున్నప్పుడు గంటకు 40 కిలోమీటర్ల గాలి వీస్తే చర్మానికి అది మైనస్ 7 లాగా తగులుతుంది. శిఖరానికి చాలా బృందాలు చీకటితోనే, తెల్లవారుజామున రెండు మూడు గంటలకే బయలుదేరతాయి. అప్పటి నుంచి పొద్దు పొడిచేదాకా ఉండేది రోజులో అత్యంత చల్లటి వేళ.

ఇప్పుడు బాటసారి గారు అడిగిన మంచు సంగతి. కొత్తగా కురిసిన మంచు దూదిలాగా ఉంటుంది, అందులో కాలు దిగబడి అలసట వస్తుంది గానీ జారడం తక్కువ. పదిమంది నడిచిన బాటలో అదే మంచు మధ్యాహ్నం ఎండకు కొంచెం కరిగి, రాత్రికి గడ్డకట్టి, మరునాటి తెల్లవారికి గట్టి పలక అవుతుంది. సాంక్రి దారుల్లో పడేవాళ్లు ఎక్కువగా ఈ పలక మీదనే పడతారు. షూకు తొడిగే మైక్రోస్పైక్స్ అనే ఇనుప పళ్ల గొలుసులు దీనికోసమే. సంస్థ ఇస్తుందా, ఇస్తే ఏ రోజు నుంచి ఇస్తుందన్నది ఇప్పుడే అడుగు. మొదటి మంచు తగిలిన చోటు నుంచే అవి చేతిలో ఉండాలి. మూడోది, కొండకొమ్ము అంచున గాలి పేర్చిన మంచు చూరు. ఇంటి చూరు ఎట్లా గోడ దాటి బయటికి వస్తుందో, అది కూడా రాయి దాటి శూన్యంలోకి వేలాడుతుంటుంది. పైన నిలబడ్డవాడికి అది నేలలాగే కనిపిస్తుంది. ఫొటో కోసం ఆ అంచుకు పోవద్దు.

ఇక మంచు చరియలు. మన పత్రికల్లో ‘హిమపాతం’ అన్న మాటను మంచు కురవడానికీ వాడుతున్నారు, చరియ విరిగి దొర్లడానికీ వాడుతున్నారు. రెండింటికీ ఎంతో తేడా ఉంది. ఎక్కువ చరియలు 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద, అదీ భారీగా మంచు కురిసిన తరువాతి ఒకటి రెండు రోజుల్లో విరుగుతాయి. గాలికి వెనుకవైపున ఉన్న వాలు మీద మంచు పలకలుగా పేరుకుంటుంది, అవి అన్నింటికంటే నమ్మరానివి. నడుస్తుంటే కాలికింద ‘ధబ్’ మని బోలుగా చప్పుడు వచ్చినా, పాదం చుట్టూ పగులు పాకినా, అదే ఆఖరి హెచ్చరిక అనుకొని వచ్చిన దారినే తిరగాలి. కూరుకుపోయిన మనిషిని సుమారు 15 నిమిషాల్లోపు తవ్వి తీస్తే బతికే అవకాశం ఎక్కువ, ఆ తరువాత అది వేగంగా పడిపోతుంది. అంటే బయటి నుంచి సాయం వచ్చేదాకా ఆగే వ్యవధి ఉండదు, పక్కనున్నవాళ్లే తీయాలి. 2022 అక్టోబరు 4న ద్రౌపదీ కా డాండా మీద నెహ్రూ పర్వతారోహణ సంస్థ శిక్షణ బృందం ఇట్లాంటి చరియలోనే చిక్కుకొని 27 మంది మృతదేహాలు దొరికాయి. వాళ్లు శిక్షణలో ఉన్నవాళ్లు, వెంట శిక్షకులు ఉన్నారు. కేదార్‌కాంత మామూలు బాట అంతటి వాలు మీద పోదు గానీ, కొత్త మంచు పడిన నాడు దగ్గరి దారి అని పక్క వాలుకు మళ్లితే లెక్క మారిపోతుంది.

చండీగఢ్‌లోని రక్షణ శాఖ పరిశోధన సంస్థ చలికాలంలో హిమాలయ జిల్లాలకు చరియల హెచ్చరికలు ఇస్తుంది. వాతావరణ శాఖ పసుపు, నారింజ, ఎరుపు రంగులతో హెచ్చరికలు ఇస్తుంది. మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే పశ్చిమ అలజడులు డిసెంబరు నుంచి మార్చి దాకా అక్కడ మంచు కురిపిస్తాయి. వాటి రాక ముందే తెలుస్తుంది. బయలుదేరే ముందు మూడు రోజుల పాటు ఉత్తరకాశి జిల్లా సూచన చూడు.

మానేరు తీరం (కరీంనగర్)
డిసెంబరు 11, ఉదయం 10:10

అన్నా, ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా తక్కువే. సంస్థను అడిగాను. మైక్రోస్పైక్స్ శిఖరం నాడు మాత్రమే ఇస్తారట. మొదటి రోజు నుంచే కావాలని రాతపూర్వకంగా కోరాను. ఇంకొక సందేహం. మేము కొన్న లోపలి బట్టలు చేత్తో పట్టుకొని చూస్తే నూలు కలిసినట్లే ఉన్నాయి. అవి పనికిరావా?

మంచిర్యాల మాజీ సైనికుడు
డిసెంబరు 11, సాయంత్రం 6:25

పనికిరావు తమ్ముడూ. ఎనుమాముల మార్కెట్టుకు బండ్ల కొద్దీ పత్తి పంపే నేల మనది, నూలు మన ఒంటికి అలవాటైన బట్ట. ఎండాకాలం అది చెమట పీల్చి చల్లబరుస్తుంది. చలి కొండ మీద ఆ గుణమే శత్రువు. ఎక్కేటప్పుడు పట్టిన చెమటను తనలోనే దాచుకొని, ఆగిన మరుక్షణం వీపు మీద ఐసుగడ్డ పెట్టినట్లు చేస్తుంది. ఒంటికి ఆనుకొని చెమటను బయటికి పంపే పాలియెస్టరు లేదా ఉన్ని బనియను, దాని మీద ఫ్లీసు, ఆగినప్పుడు వేసుకునే ఈకల జాకెట్టు, అన్నిటిపైన గాలీ నీరూ చొరని కోటు ఉండాలి. చెమట పట్టకముందే ఒక పొర విప్పాలి, చలి వేయకముందే ఒక పొర తొడగాలి. రోజుకు పదిసార్లయినా ఈ పని చేయడానికి బద్ధకించవద్దు.

నీళ్లసీసా సంగతి ఎవరూ చెప్పరు గనుక చెబుతున్నాను. సీసాను ఉన్ని మేజోడులో దూర్చి, మూత కిందికి వచ్చేటట్లు తలకిందులుగా సంచిలో పెట్టుకో. నీరు పైనుంచి గడ్డకడుతుంది. తలకిందులుగా ఉంటే ఆ గడ్డ సీసా అడుగుభాగాన కడుతుంది, మూత తిప్పి తాగడానికి నీళ్లు ఉంటాయి. గొట్టంతో పీల్చే నీటిసంచులు అక్కడ పనిచేయవు, గొట్టమే ముందు గడ్డకడుతుంది. ఫోను, టార్చి బ్యాటరీలను లోపలి జేబులో ఒంటి వేడికి దగ్గరగా ఉంచుకో. రాత్రి పడుకునేటప్పుడు మరునాటి మేజోళ్లను పొట్ట దగ్గర పెట్టుకొని పడుకో.

గోదారి గట్టు (ధర్మపురి)
డిసెంబరు 11, రాత్రి 9:45

చర్చ బాగుంది గానీ నాకు ఒక అభ్యంతరం ఉంది. మన పెద్దలు ఉత్తకాళ్లతో, ఒక ధోవతి, ఒక కండువాతో అడవులు దాటారు. నాగోబా జాతరకు ముందు గోండుల్లోని మెస్రం వంశీయులు పుష్యమాసపు చలిలో కాలినడకన గోదావరికి వచ్చి నీళ్లు తీసుకుపోతారు. మనం ఇన్ని పొరలు, ఇన్ని పరికరాలు అని చెప్పి కొత్తవాళ్లను భయపెడుతున్నామేమో, ఆలోచించండి.

ఉట్నూరు మాస్టారు
డిసెంబరు 12, ఉదయం 7:05

గోదారి గట్టు గారూ, మీరు ఎత్తిన ఉదాహరణ నాకు చాలా దగ్గరిది. మెస్రం వారు కేస్లాపూర్ నుంచి జన్నారం మండలంలోని హస్తినమడుగు దాకా పోయి, ‘ఝరి’ అనే కలశంలో గోదావరి జలం తీసుకొని వస్తారు. ఆ నడకను నేను దగ్గరగా చూశాను, కొంతదూరం వెంట కూడా నడిచాను. వాళ్లు ఒంటరిగా నడవరు. ఏ రాత్రి ఏ ఊరిలో ఆగాలో ముందే నిర్ణయమై ఉంటుంది, పొద్దు గూకేలోపు ఆ ఊరు చేరుకుంటారు. అక్కడ వాళ్లకు వేడి అన్నం, మంట, పడుకునే చోటు ఎదురుచూస్తుంటాయి. దారి చూపేవాడికి ఆ బాట చిన్ననాటి నుంచి తెలుసు. మనం పరికరాల రూపంలో మోసుకుపోయేది వాళ్లకు ఊళ్ల రూపంలో, బంధుత్వాల రూపంలో దారి పొడవునా ఉంది. వాళ్ల ధైర్యాన్ని మెచ్చుకునేటప్పుడు ఆ ఏర్పాటును కూడా చూడాలని నా మనవి. మన గొర్లకాపరులు కూడా ఉత్త కండువాతో మంచులో నిలబడలేదు. గొంగడిని కొప్పెర వేసుకొని నిలబడ్డారు. ఉన్ని తడిసినా వేడిని పూర్తిగా వదలదని వాళ్లకు ఎప్పటినుంచో తెలుసు.

గోదారి గట్టు (ధర్మపురి)
డిసెంబరు 12, ఉదయం 8:30

మాస్టారూ, మీరు చెప్పింది సబబుగా ఉంది. నా అభ్యంతరాన్ని ఉపసంహరించుకుంటున్నాను.

కవ్వాల అంచు (జన్నారం)
డిసెంబరు 12, మధ్యాహ్నం 12:20

రెండు ముఖ్యమైన విషయాలు ఎవరూ ప్రస్తావించలేదు. మొదటిది, గుడారం లోపల నిప్పుల కుంపటి పెట్టుకోవడం. బొగ్గు సరిగా కాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే దానినే రెండు వందల రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. తలనొప్పి, మగత వచ్చి నిద్ర అనుకొని పడుకున్నవాళ్లు మళ్లీ లేవరు. మూసిన గదిలో, కారులో, గుడారంలో కుంపటి గానీ గ్యాసు పొయ్యి గానీ వెచ్చదనం కోసం పెట్టుకోకూడదు. పడుకునే ముందు వేడినీళ్ల సీసాను గట్టిగా మూత బిగించి దుప్పట్లో పెట్టుకుంటే చాలు.

రెండోది, పొగమంచు ఉన్న పొద్దుల్లో అడవి బాటల్లో నడవడం. 2020 నవంబరులో ఆసిఫాబాద్ జిల్లాలో పులి దాడుల్లో ఇద్దరు చనిపోయారు. పొగమంచులో మనకు జంతువు కనపడదు, జంతువుకు మనం కనపడము; మంచుకు తడిసిన ఆకుల మీద అడుగుల చప్పుడు కూడా వినపడదు. అటవీ శాఖ అనుమతి లేని బాటలకు పోవద్దు. అనుమతి ఉన్న చోట కూడా గుంపుగా, మాట్లాడుకుంటూ, ఎండ వచ్చాకే నడవండి.

హన్మకొండ వైద్యురాలు
డిసెంబరు 12, రాత్రి 10:15

కేదార్‌కాంతకు పోయే తమ్ముళ్ల కోసం మరికొంత రాస్తున్నాను. వేళ్లు, ముక్కు, చెవులు తెల్లగా మైనంలాగా మారి స్పర్శ పోతే అది ఫ్రాస్ట్‌బైట్‌కు, అంటే చలికి కండ గడ్డకట్టడానికి ఆరంభం. దాన్ని మంచుతో గానీ చేత్తో గానీ రుద్దకూడదు, మంటకు కాచకూడదు. స్పర్శ లేని వేలికి కాలుతున్నదని తెలియదు. మళ్లీ గడ్డకట్టే ప్రమాదం లేని చోటికి చేరాకే, 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చని నీటిలో ఉంచాలి. మేజోళ్లు రెండు జతలు బిగించి తొడిగితే రక్తప్రసారం ఆగి వేళ్లు ఇంకా త్వరగా చల్లబడతాయి. కొత్త మంచు సూర్యకాంతిలోని అతినీల కిరణాలను 80 శాతం దాకా తిప్పి కొడుతుంది కాబట్టి మబ్బు రోజున కూడా నల్లద్దాలు తీయవద్దు. 2,500 మీటర్లు దాటాక తలనొప్పి, వాంతులు వస్తే ఎత్తు పడటం లేదని అర్థం. అది తగ్గేదాకా పైకి పోకూడదు, పెరిగితే కిందికి దిగాలి. రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవాళ్లు తమ డాక్టరును కలవకుండా బయలుదేరకూడదు.

కాలం గురించి కూడా ఒక మాట. 2024 జూన్ మొదటి వారంలో ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్ దారిలో మంచుతుపానులో చిక్కుకొని కర్ణాటక నుంచి వెళ్లిన బృందంలో తొమ్మిది మంది చనిపోయారు. మనకు రోళ్లు పగిలే ఎండలున్న నెల అది.

ఓరుగల్లు బాటసారి (హన్మకొండ)
డిసెంబరు 13, ఉదయం 7:30

ఇంత వివరంగా రాసిన అందరికీ నమస్కారాలు. మా నడక బృందంలో ఈ చర్చ చదివిన తరువాత కొన్ని మార్పులు చేసుకున్నాము. ఈ నెలలో మన దగ్గర సాయంత్రం ఐదుముప్పావుకే పొద్దు గూకుతున్నది, అడవిలో ఇంకా ముందే చీకటి పడుతుంది. కాబట్టి శిఖరం చేరినా చేరకపోయినా మధ్యాహ్నం రెండు గంటలకు వెనుదిరగాలని నిర్ణయించుకున్నాము. ప్రతి ఒక్కరి సంచిలో ఒక జత పొడిబట్టలు ప్లాస్టిక్ కవరులో కట్టి ఉండాలి, తలకు కట్టుకునే టార్చి ఉండాలి. ఇద్దరిద్దరుగా జత కట్టి, గంటకొకసారి ఒకరి ముఖం ఒకరు చూసుకొని గుండీ పరీక్ష చేయాలి. లేసు ఊడిన ఆ మిత్రుడే ఈ పరీక్ష చేయించే బాధ్యత తీసుకున్నాడు.

మానేరు తీరం (కరీంనగర్)
డిసెంబరు 13, రాత్రి 9:00

అందరికీ వందనాలు. ఐదుగురం కూర్చొని మళ్లీ మాట్లాడుకున్నాము. నూలు బట్టలు తిరిగి ఇచ్చేశాము. తిరుగు రైలు టికెట్లను రెండు రోజుల తరువాతకు మార్చుకున్నాము. వాతావరణం బాగా లేకపోతే రైలు కోసమని తొందరపడి ఎక్కే అవసరం ఉండకూడదని అట్లా చేశాము. మా నాన్న మాత్రం ఇంట్లో ఉన్న తాతగారి గొంగడి వెంట తీసుకుపొమ్మని పట్టుబడుతున్నారు. తీసుకుపోవచ్చా అన్నా?

మంచిర్యాల మాజీ సైనికుడు
డిసెంబరు 14, ఉదయం 5:40

సాంక్రి దాకా తప్పకుండా తీసుకుపో తమ్ముడూ. అక్కడి బసలో రాత్రిపూట కింద పరుచుకోవడానికి దానిని మించింది లేదు. పైకి మాత్రం మోసుకుపోకు, తడిస్తే బరువెక్కుతుంది, కొండ మీద ఆరదు. దిగి వచ్చాక అది పొడిగా నీకోసం ఉండేటట్లు బసలోనే మడిచి పెట్టి పో. 25వ తేదీ రాత్రి ఉత్తరకాశి వాతావరణ సూచన ఏ రంగులో ఉందో ఇక్కడ రాయి, నేను మేలుకొనే ఉంటాను.